మీటల్లేని ఆట

ఇంకా పదకొండు రోజులే అంటాడు కూర్మారావు.
మొన్నా పదకొండే అన్నాడు.

కాశీబుగ్గలో రైలుగేటుకి ఇవతల
సెల్ రిపేరు కొట్టు, దాని వెనక గది,
గదిలో అటక మీంచి దించిన పెద్ద టీవీ.
బరంపురం నుంచి పెట్టె ఒకటి తెచ్చాడు, సెకండ్‌హ్యాండ్‌ది.
టీవీ నెత్తిన కూర్చునే కన్ను కూడా వచ్చీసింది.
ఆట ఒక్కటే రావాలి.

గోడకి అంటించిన బొమ్మలో
పసుప్పచ్చ కోటు మనిషి
కాళ్ళకి పలక కట్టుకుని
తెల్లటి కొండ మీంచి జారిపోతన్నాడు.
మీటల్లేవట. నొక్కేదేమీ లేదట.
నువ్వు కుడికి ఒరిగితే వాడూ కుడికి,
నువ్వు వంగితే వాడూ వంగుతాడు,
గెంతితే లోయ మీద గాల్లోనే ఉంటాడట
నువ్వు దిగేదాకా.

అరగంటకి నలభై రూపాయలు.
అది ఎన్ని జీడిపిక్కలో నాకు తెలుసు.
చెప్పను.

మేనల్లుడు ఢిల్లేసు నవ్వాడు,
"అత్తా, నీకెందుకే, కుర్రోళ్ళాట."
వాడి సెల్లులో కారు ఆట ఒకసారి నాకిచ్చాడు.
అద్దం నా వేలిని పట్టించుకోలేదు.
రుద్దాను. చీరకి తుడుచుకుని మళ్ళీ రుద్దాను.
కారు పోయి గోడకి గుద్దుకుంది.
పద్దెనిమిదేళ్ళుగా పిక్క కొడతన్న వేళ్ళు.
బూడిద రాసినా, ఆముదం రాసినా
జీడి తినీసింది గీతలన్నీ.
రేషన్ డిపోలో మిషను మీద పెడితే
ఈమెవరో తెలీదంటాది.
కుడి బొటనవేలు, ఎడమ బొటనవేలు, చూపుడువేలు...
పదీ అయ్యాక డీలరు విసుక్కుని
"కన్ను పెట్టమ్మా" అంటాడు.

కూర్మారావు టీవీ మీది కన్ను వేళ్ళడగదట.
ఎదురుగా నిలబడితే చాలు,
మనిషని గుర్తుపడతాదట.

మంచు నేను చూడలేదని కాదు.
మాకు మంచంటే పుష్యమాసం పొద్దున్న
జీడితోటలో రాలిన ఆకు తడిసిపోవడం.
మంచంటే మందస దాటాక
మహేంద్రగిరి కనపడకపోవడం.
భావనపాడు నుంచి వచ్చే చేపల పెట్టెలో
కవళ్ళ మీద పోసిన ఐసు పొడి,
అది మాత్రం పట్టుకున్నాను.
కాలింది. జీడిలాగే, కాకపోతే తెల్లగా.
ఆ పొడి కొండంత పోస్తే ఎలగుంటాదో
రాత్రి పడుకుని కొలుస్తాను.

పెరట్లో పాత తలుపు చెక్క ఉంది.
దాని కింద నీళ్ళ పైపు ముక్క పెట్టి
ఎక్కి నిలబడతన్నాను, అందరూ పడుకున్నాక.
మొదటి రోజు పడ్డాను. రెండో రోజూ.
మూడో రోజు మా అత్త లేచి వచ్చీసి
చేతులు చాపి ఊగతన్న నన్ను చూసి
చెంపలేసుకుంది.
"ఏ అమ్మోరివి తల్లీ?" అంది.
వెళ్ళి పడుకో అన్నాను. పడుకుంది.
పద్నాలుగేళ్ళలో నా మాట విన్నది
అదొక్కసారి.

ఆ తలుపు నాకు కొత్త కాదు.
తిత్లీ రాత్రి గాలి లోపలికి తోస్తంటే
ఇదే చెక్కకి భుజం ఆనించి
కుడికి ఒరిగాను, ఎడమకి ఒరిగాను,
తెల్లారగట్ల బందులు ఊడేదాకా.
అప్పుడెవరూ పాయింట్లు వెయ్యలేదు.

నిన్న కూర్మారావు
నోటుపుస్తకంలో వరస రాసుకున్నాడు.
నాది ఏడో నంబరు.
బొమ్మకి మన పేరే పెట్టుకోవచ్చట,
కోటు రంగు మన ఇష్టమట.
దమయంతి అని రాయి, అన్నాను. కోటు ఎర్రది.
చేతులకి తొడుగులుంటాయా అనడిగాను.
ఉంటాయట.

ఇవాళ డిపో దగ్గర వరస కదలదు.
సంచి చంకలో పెట్టి
మోకాళ్ళు కొంచెం వంచి
బరువు ఎడమ కాలి మీంచి కుడి కాలికి
మెల్లగా పోనిస్తన్నాను.
"ఏటే, అలగ ఊగతన్నావు?" అంది
వెనక నిలబడ్డ తవిటమ్మ.
కాస్త జరగవే, అన్నాను.
మలుపొస్తంది.